ప్రోటీన్ పరీక్ష తేలకుండా చికిత్స మొదలు కాకూడదు

చెన్నై మహిళల్లో ఇప్పుడు అత్యధికంగా కనిపించేది రొమ్ము క్యాన్సరేనని, ఒకప్పుడు ఆ స్థానంలో ఉన్న గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అది ఏనాడో దాటిపోయిందని అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించే నగర రిజిస్ట్రీ నమోదులు చాటుతున్నాయి. 2022లో దేశం మొత్తం మీద సుమారు 1,92,000 మందిలో ఈ జబ్బు కొత్తగా బయటపడగా, సుమారు 98,000 మంది దీనికి బలయ్యారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. వీరిలో అత్యధికుల ప్రాణం తీసింది రొమ్ములోని గడ్డ కాదు. దాని నుంచి విడివడి, చంకలోని లింఫ్ గ్రంథుల మీదుగానో రక్తంలో కలిసో ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు చేరిన కణాలు. ఆ కణాల పోకడను ముందుగా పసిగట్టగల ప్రోటీన్ పరీక్షల నాణ్యత ఆసుపత్రిని బట్టి, రోగి స్తోమతను బట్టి మారే దుస్థితిని ప్రభుత్వాలు ఇంకా సహించడం తగదు.

కణాలను ఇటుకల మధ్య సున్నంలా పట్టి ఉంచే ఇ-క్యాడ్‌హెరిన్ వంటి ప్రోటీన్లు తగ్గితే కణితి కణాలకు పట్టు సడలి, వలస సులువవుతుంది. అయితే చికిత్సను ప్రధానంగా నిర్ణయించేవి వేరే మూడున్నాయి: ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను అందుకునే రెండు గ్రాహకాలు, కణాన్ని అదే పనిగా పెరగమని పురికొల్పే హెర్-2. హార్మోన్ గ్రాహకాలున్న కణితి ఎక్కువగా ఎముకలకు పాకుతుంది, పదేళ్లు దాటాక కూడా తిరగబెట్టగలదు. కానీ చవకగా దొరికే టమాక్సిఫెన్ బిళ్లలను ఏళ్ల తరబడి వాడితే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. హెర్-2 అధికంగా ఉన్న కణితికి మెదడుకు చేరే స్వభావం ఎక్కువైనా, ట్రాస్టుజుమాబ్ అనే మందుకు అది లొంగుతుంది. ఈ మూడూ లేని రకం మన దేశంలో పాశ్చాత్య దేశాలకన్నా ఎక్కువ, తిరగబెడితే మొదటి కొన్నేళ్లలోనే తిరగబెడుతుంది. ఇవేవీ తెలుసుకోకుండా అందరికీ ఒకే కీమోథెరపీ ఎక్కించడాన్ని వైద్యం అనలేము.

పరీక్ష జరిగితే చాలదు, సరిగ్గా జరగాలి. జనం ముక్క పరీక్ష అనుకునే బయాప్సీలో గానీ, శస్త్రచికిత్సలో గానీ తీసిన కణజాలాన్ని గంటలోపు పది శాతం ఫార్మలిన్ ద్రావణంలో వేయాలని, అందులో ఆరు గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉంచాలని అంతర్జాతీయ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. ఫార్మలిన్ కణజాలంలోకి మెల్లగా ఇంకుతుంది కనుక తొలగించిన రొమ్మును పలుచని పొరలుగా కోయకుండా అలాగే డబ్బాలో పడేస్తే పైభాగం నిలిచినా లోపలి ప్రోటీన్లు చెడిపోతాయి. శనివారం మధ్యాహ్నం ఆపరేషన్ చేసి తీసిన గడ్డ కోతకు నోచుకోక సోమవారం దాకా ఉండిపోతే, ఉన్న గ్రాహకం లేనట్లు నివేదిక రావచ్చు. ఆ ఒక్క పొరపాటుతో రోగి చవకైన బిళ్లకు దూరమై, అక్కరలేని కీమోథెరపీ బాధను మోయవలసి వస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు ఎన్నటికీ తెలియదు.

1954లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి సంకల్పంతో 12 పడకలతో మొదలైన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, 480 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల కణజాలాన్ని విశ్లేషించి 2025 ఫిబ్రవరిలో జన్యు సమాచార నిధిని అందుబాటులోకి తెచ్చిన ఐఐటీ మద్రాస్ ఉన్న నగరానికి నైపుణ్యం కొరత అని చెప్పుకునే అవకాశం లేదు. పరిశోధన కోసం భద్రపరిచే ముక్కకు దక్కే శ్రద్ధ జిల్లా ఆసుపత్రిలో తీసిన ముక్కకూ దక్కాలి. నెల్లూరు, చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుంచి చెన్నైకి వచ్చే తెలుగు రోగులకు మైనపు దిమ్మెలో భద్రపరిచిన తమ కణజాలాన్ని అడిగిన వెంటనే ఇవ్వడం అక్కడి ఆసుపత్రుల బాధ్యత. జబ్బు మరో అవయవానికి పాకినప్పుడు ఈ ప్రోటీన్ల స్థితి మారిపోవచ్చు కనుక వీలైన చోట కొత్త కణితి ముక్కనూ పరీక్షించాలి.

ఈ కణజాల పరీక్షలకు భిన్నంగా, సీఏ 15-3 అనే రక్త పరీక్షను ఆరోగ్యవంతులకు క్యాన్సర్ ముందస్తు పరీక్షగా అమ్మడం ప్రజలను మభ్యపెట్టడమే. తొలి దశలో అది తరచూ పెరగదు, కాలేయ వ్యాధుల్లో క్యాన్సర్ లేకున్నా పెరగగలదు. వ్యాప్తి చెందిన జబ్బు చికిత్సకు ఎలా స్పందిస్తున్నదో గమనించడానికే దాని ఉపయోగం. ఈ అమ్మకాన్ని ఆరోగ్య శాఖలు నిషేధించాలి.

మందుల వైపు తలుపులు కొంత తెరుచుకున్నాయి. ట్రాస్టుజుమాబ్‌కు దేశీయ ప్రత్యామ్నాయాలు 2014 నుంచి అందుబాటులో ఉన్నాయి, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ అనే కొత్త మందుపై కస్టమ్స్ సుంకాన్ని కేంద్రం 2024 బడ్జెట్‌లో ఎత్తివేసింది. వ్యాప్తి చెందిన జబ్బులో హెర్-2 స్వల్పంగా ఉన్నవారికీ ఈ కొత్త మందు మేలు చేస్తుంది కాబట్టి, హెర్-2 ఫలితాన్ని తెలిపే అంకెల్లో సున్నాకూ ఒకటికీ మధ్య తేడాను పాథాలజిస్టు సరిగ్గా చదవడం మీద ఇప్పుడు ప్రాణాలే ఆధారపడి ఉన్నాయి. అందువల్ల తమిళనాడు ముఖ్యమంత్రి బీమా పథకమైనా, తెలంగాణలోని ఆరోగ్యశ్రీ అయినా, ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్టీఆర్ వైద్య సేవ అయినా ఈ మూడు ప్రోటీన్ల పరీక్షనూ, హెర్-2 ఫలితం రెండుగా వచ్చి సందేహం మిగిలినప్పుడు చేయవలసిన ఫిష్ అనే జన్యు పరీక్షనూ పూర్తిగా ఉచితం చేయాలి. కణజాలం తీసిన వేళ, ఫార్మలిన్‌లో వేసిన వేళ నివేదికపై లేకపోతే, బయటి సంస్థల నాణ్యతా తనిఖీకి ప్రయోగశాల అంగీకరించకపోతే, ఆ ప్రయోగశాలకు బిల్లు చెల్లించకూడదు.