కీళ్లు వాచినప్పుడు నూనె మర్దన చేయొచ్చా?

'డాక్టరు గారూ, కీళ్ల నొప్పులకు ఏ తైలం మంచిది?' అని చాలామంది అడుగుతుంటారు. తైలం పేరు చెప్పేముందు నేను రెండు విషయాలు అడుగుతాను. పొద్దున లేచాక కీళ్లు ఎంతసేపు బిగుసుకుపోయి ఉంటున్నాయి? కాస్త తిరిగితే నొప్పి తగ్గుతోందా, పెరుగుతోందా? వైద్యం ఎటు వెళ్లాలో ఈ రెండు జవాబులే చాలావరకు చెప్పేస్తాయి.

అరుగుదల వల్ల వచ్చేది సంధివాతం. మెట్లెక్కితే, ఎక్కువసేపు నిలబడితే నొప్పి పెరుగుతుంది. కూర్చుంటే తగ్గుతుంది. దీనికి గోరువెచ్చని నువ్వుల నూనెతోనో, మహానారాయణ తైలంతోనో మర్దన చేసి కాపడం పెడితే హాయిగా ఉంటుంది.

ఆమవాతం తీరు వేరు. వేళ్లు, మణికట్లు వాచి వేడిగా ఉంటాయి. పొద్దున గంట దాటినా పిడికిలి బిగించలేరు. ఆకలి ఉండదు, ఒళ్లంతా బరువు. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ లక్షణాలు చాలావరకు దీనికి దగ్గరగా ఉంటాయి. జఠరాగ్ని మందగించి, సరిగా పచనం కాని 'ఆమం' వాతంతో కలిసి కీళ్లలో చేరడమే దీనికి మూలమని మాధవ నిదానం వివరిస్తుంది. అందుకే వాపు ఉధృతంగా ఉన్నప్పుడు నూనె మర్దన వద్దు. ముందు ఆమం పచనం కావాలి. అప్పటిదాకా పొడి కాపడమే, అంటే వేయించిన ఇసుకను గుడ్డలో మూటకట్టి పెట్టేది. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లకండి, చర్మం కాలుతుంది.

లోపలికి శొంఠి కషాయం, రాస్నాసప్తక కషాయం, సింహనాద గుగ్గులు వంటివి ఇస్తాం. శొంఠి కషాయంలో ఆముదం కలిపి ఇవ్వడం పాత పద్ధతే. అయితే మోతాదు మనిషిని బట్టి మారుతుంది. గర్భిణులకు ఆముదం ఇవ్వకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు అడగకుండా గుగ్గులు వేసుకోకూడదు.

తిండిలో పెరుగు, బెల్లం, చేపలు, మినప పిండి వంటలు, బచ్చలికూర కొన్నాళ్లు ఆపండి. పగటి నిద్ర కూడా. పాత బియ్యం అన్నం, ఉలవకట్టు, కాకరకాయ, మునక్కాయ మంచివి.

ఇక నడుము నొప్పి. 45 ఏళ్లలోపు మొదలై, మూడు నెలలు దాటినా పోకుండా, పడుకుంటే పెరిగి నడిస్తే తగ్గుతుంటే, అది కుర్చీ వల్లో బండి ప్రయాణం వల్లో అనుకుని వదిలేయకండి. వెన్నెముక కీళ్లలో వాపు, అంటే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చు. మినప పిండితో నడుము మీద గట్టు కట్టి గోరువెచ్చని తైలం నింపే కటివస్తి అన్ని నడుము నొప్పులకూ మందు కాదు. ముందు రుమటాలజిస్టుకు చూపించండి. కాళ్లు మొద్దుబారినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

ఆయుర్వేదం మొదలుపెట్టగానే మెథోట్రెక్సేట్ మానేసి వచ్చేవాళ్లు ఉంటారు. దయచేసి అలా చేయకండి. వాపు అదుపు తప్పితే కీలు లోపల దెబ్బతింటుంది. ఒకసారి వంకరపోయిన వేలిని ఏ కషాయమూ మళ్లీ నిటారుగా చేయలేదు. రెండు మందులూ వాడాలనుకుంటే ఇద్దరు డాక్టర్లకూ తెలియాలి, లివరు పరీక్షలు సమయానికి జరగాలి.

పేరు, తయారీ వివరాలు లేని పొట్లం మందు వేసుకుంటే రెండు రోజుల్లో నొప్పి మాయమైందా? సంతోషించకండి, అనుమానించండి. అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. ముఖం ఉబ్బడం, షుగరు పెరగడం దాని గుర్తులు. చాన్నాళ్లుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. ఆ పొట్లాన్నే చేత పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.