గుడ్డు కావాలి, కోడి వద్దు!

నగరవాసి నాగరికతకు ఇటీవల నాకొక నిర్వచనం దొరికింది: గుడ్డును ఆదరించి కోడిని ఏవగించుకోవడం.

మేముండే నివాస సముదాయంలో మాది నేల అంతస్తు. వెనుకవైపున్న చిన్న వాకిటిలో, ఇనుపవల బిగించిన కొయ్యగూటిలో మూడు పెట్టలను పెంచుతున్నాను. వాటిని తొలగించాలని సంఘంవారు తీర్మానించారు. చెప్పిన కారణాలు మూడు: రొద, కంపు, రోగం. ఒక్కొక్కటే విచారిద్దాం.

మొదటిది రొద. తెల్లవారుజామున కూసేది పుంజు, పెట్ట కాదు. పెట్ట గుడ్డు పెట్టినప్పుడు కాసేపు సందడి చేసి ఊరుకుంటుంది. గుడ్డు పెట్టడానికి పుంజు అక్కరలేదు. ఆ గుడ్డు పిల్ల కావాలంటేనే పుంజు కావాలి. ఈ మాట చెబితే సభలోని విద్యాధికులు సగంమంది నమ్మలేదు! ఏనుగుది ఘీంకారమనీ, నెమలిది క్రేంకారమనీ వేరువేరుగా పేర్లు పెట్టుకున్న భాష మనది. ఆ భాష మాట్లాడేవారికే పుంజుకూ పెట్టకూ భేదం తెలియని రోజులు వచ్చాయి.

రెండవది కంపు. అది కోడివలన కాదు, తడివలన పుడుతుంది. గూటిలో వరిఊక పరచి, తడిసినదాన్ని ఏ రోజుకారోజు ఎత్తివేస్తే వాసన ఉండదు. పచ్చిరెట్ట మొక్క వేళ్లను మాడుస్తుంది. మాగబెట్టి వేస్తే కరివేపచెట్టుకు అంతకు మించిన ఎరువు లేదు.

మూడవది రోగం. దీన్ని నేను తేలికగా కొట్టిపారేయను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ సోకిన సంగతి అందరికీ తెలిసినదే. పెరటికోడికి అది సోకదని అనడం అజ్ఞానం. అందుకే గూటికి పైకప్పు, కాకులు చొరబడకుండా వల, మేత లోపలే, రాణీఖేత్ వ్యాధికి టీకా, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగడం. చుట్టుపక్కల జబ్బు పొడసూపితే పశువైద్యాధికారి ఆజ్ఞే శిరోధార్యం. వీటిని నియమాలుగా విధించండి, పాటిస్తాను. నియమంతో తీరేదానికి నిషేధమెందుకు?

తీర్మానంపై సంతకాలు చేసినవారి ఇళ్లకే ముప్ఫై గుడ్ల అట్టలు వస్తుంటాయి. ఆ గుడ్లు పెట్టిన పెట్ట ఎక్కడుందని ఒక్కరూ అడగరు. వాణిజ్య పంజరాలలో ఒక్కొక్క పెట్టకు దక్కే చోటు మనం అర్జీలు రాసుకునే ఏ4 కాగితం కంటె తక్కువ. అక్కడ రెక్క చాపడానికి వీలులేదు, కాలితో కెలకడానికి మన్ను లేదు. 2017లో భారత లా కమిషన్ తన 269వ నివేదికను ఈ కోళ్ల దుస్థితి గురించే వెలువరించింది. కంటికి కనబడని క్రౌర్యం శుచి, కంటికెదుట తిరిగే ప్రాణి అశుచి! ఇదేమి న్యాయం?

పెంపకంలో లాభముందని మాత్రం నేననను. పెట్టకు రోజుకు నూరు గ్రాములకు పైగా మేత కావాలి. గూడు, మేత, మందు లెక్కవేస్తే అంగడి గుడ్డే చవక. అయితే మా సముదాయంలోని పిల్లలు సాయంకాలం నూకలు పట్టుకొని వస్తారు. అప్పుడే పెట్టిన గుడ్డు వెచ్చగా ఉంటుందని వారికి చేతితో తెలిసింది. ముప్ఫైయేళ్లకు పైగా పాఠాలు చెప్పిన నాకు, ఆ పాఠానికి వెల కట్టడం చేతకాదు.

వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో ఈ విషయం తేలుతుంది. మీ మీ సముదాయాలలో కోళ్లను నిషేధించక, నియమాలతో అనుమతించినవారుంటే ఆ నియమాలను నాకు తెలియజేయండి. సభలో చదివి వినిపిస్తాను.