పేపర్లో పడని ఉద్యోగాలు



2004లో డిగ్రీ పూర్తయ్యాక నేను రోజూ ఆత్మకూరు లైబ్రరీకి పోయి పేపర్లో ఉద్యోగ ప్రకటనలు వెతికేవాణ్ణి. ఉదయగిరి నుంచి వచ్చి నాతో చదివిన స్నేహితుడొకడు ఆ పేజీ తెరిచేవాడే కాదు. అయినా నెల్లూరులో ఒక కంపెనీలో లెక్కలు రాసే పని వాడికే దొరికింది. అక్కడ వాళ్ళ చిన్నాన్న పనిచేస్తున్నాడు. ఖాళీ సంగతి నాకు తెలిసేటప్పటికి వాడు మొదటి జీతం కూడా తీసుకున్నాడు. మార్కులు నాకే ఎక్కువ. కొన్నాళ్ళు వాడితో మాట్లాడలేదు. ఇప్పుడు ఆలోచిస్తే వాడి తప్పేముంది?

ప్రభుత్వ ఉద్యోగాలకైతే కొంత కట్టడి ఉంది. కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసులో 1996లో సుప్రీంకోర్టు, ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి పంపిన పేర్లతోనే సరిపెట్టకుండా పేపర్లలో కూడా ప్రకటించాలని చెప్పింది. ప్రైవేటులో అలా లేదు. 1959 నాటి చట్టం 25 మందికి తగ్గకుండా పనిచేసే సంస్థలు ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలపాలన్నది గానీ, అక్కడి వాళ్ళనే తీసుకోవాలనలేదు. అందుకే మనిషిని మనిషే తీసుకొస్తాడు. అమెరికాలోనూ ఇదే తీరు. గ్రానోవెటర్ అనే పండితుడు 1974లో వెలువడిన తన పుస్తకంలో, తాను పరిశీలించిన ఉద్యోగుల్లో సగానికి పైగా తెలిసినవాళ్ళ ద్వారానే పనిలో చేరారని రాశాడు. ఆ తెలిసినవాళ్ళు కూడా ఎక్కువగా దగ్గరివాళ్ళు కారు, ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్ళు.

ఒకడి వెంట ఇంకొకడు చేరే చోట ఒకే ఊరివాళ్ళు, ఒకే కులంవాళ్ళు నిండుతారు. అది అన్యాయమే. అది మారేదాకా మనం గేటు బయటే నిలబడాలా? మా నాయన కూలికి పోయేవాడు, ఆయనకు ఏ మేనేజరు తెలుసు? మనకున్న చిన్నాన్న ఈ హాస్టలే. కృష్ణపట్నంలో, శ్రీసిటీలో, చెన్నైలో, బెంగుళూరులో మనవాళ్ళున్నారు. అడగాలంటేనే మనకు నామోషీ. సిఫార్సుతో బతకకూడదని మన పెద్దలు చెప్పింది నిజమే. కానీ ఖాళీ ఉందని కబురు చెప్పడం సిఫార్సు కాదు. ఇంటర్వ్యూలో నెగ్గాల్సింది నువ్వే.

అడిగే తీరు కూడా ఉంది. "అన్నా, ఏదన్నా పని చూడన్నా" అని నాకు ఫోన్లు వస్తుంటాయి. ఏ పనని మా ఆఫీసులో చెప్పను? ఆమధ్య ఒక తమ్ముడు, "టాలీ వచ్చన్నా, ఎరువుల అంగట్లో ఆరు నెలలు బిల్లులు రాశాను, జీఎస్టీ లెక్కలు చూశాను" అన్నాడు. మూడు వారాలకు మా దగ్గర ఖాళీ రాగానే వాడే గుర్తొచ్చాడు. ఇంటర్వ్యూకి పిలిపించాను, అంతవరకే నా పని. (డబ్బు కడితే ఉద్యోగమనే వాడి జోలికి మాత్రం పోవద్దు.)

అన్నలారా, మనిషిని చూపించిన ఉద్యోగికి బోనస్ ఇచ్చే కంపెనీలు కూడా ఉన్నాయి. కాబట్టి మనం చేసేది దానమేమీ కాదు. ఎవరెక్కడ ఏం పని చేస్తున్నారో, ఫోన్ నంబరుతో సహా రాసే రిజిస్టరు ఒకటి వార్షికోత్సవం రోజు ఆఫీసు గదిలో పెట్టమని వార్డెన్ గారిని అడిగాను, సరేనన్నారు. దయచేసి భోజనానికి ముందే రాయండి. తిన్న తర్వాత అందరూ ఉదయగిరి బస్సుకు పరుగెత్తుతారని నాకు తెలుసు.