కల్లుకూ ఒక ఊరు, ఒక పేరు

మొన్న ఒక పెళ్లి విందులో మా బంధువుల అబ్బాయి బెంగళూరులో తాగొచ్చిన క్రాఫ్ట్ బీరు గురించి అరగంట చెప్పాడు. పక్కనున్న పెద్దాయన, 'మా ఊరి పండుతాటి కల్లు గూడ గిట్లనే పుల్లగుంటది రా' అన్నాడు. 'ఈగలు పడ్డదాన్ని ఎట్ల తాగుతరు మామా' అని పిల్లవాడు మొహం తిప్పుకున్నాడు. పెద్దాయన మళ్లీ నోరు విప్పలేదు. ఆ మాట నన్ను వారమంతా ముల్లులా పొడుస్తూనే ఉంది. పోయిన చలికాలం నేను బ్రస్సెల్స్‌లో సాలెగూళ్ల మధ్య నిలబడి బీరు తాగి వచ్చినవాణ్ని.

మిడి రైల్వే స్టేషన్ దిగి కాసేపు నడిస్తే అండర్లెక్ట్‌లో ఒక మామూలు వీధి, అందులో పాత గోదాములాంటి కట్టడం. పేరు కాంటియాన్, బీరు కాచే చోటు. 1900లో పెట్టారు, ఇప్పటికీ పెట్టిన కుటుంబమే నడుపుతోంది. 1978 నుంచి మ్యూజియం కూడా అదే. మెట్లెక్కి అటక మీదికి వెళితే మంచమంత లోతు కూడా లేని వెడల్పాటి రాగి తొట్టి ఒకటి కనిపిస్తుంది. గోధుమ, మొలకెత్తించిన బార్లీ కలిపి కాచిన రసాన్ని రాత్రికి అందులో పోసి, బయటి గాలి లోపలికి రానిస్తారు. ఈస్టు కలపరు. గాలిలో ఉన్నదే వచ్చి వాలి పులియబెడుతుంది. అందుకే చలికాలంలోనే కాస్తారు. తెల్లారాక పీపాల్లోకి ఎత్తి ఏళ్ల తరబడి ఉంచుతారు. ఒకటి, రెండు, మూడేళ్లవి కలిపి సీసాల్లో పోస్తే గూజ్ అవుతుంది. పీపాల మీద సాలెగూళ్లు దుమ్ము పట్టి వేలాడుతుంటాయి. దులపరు. పండ్ల వాసనకు మూగే ఈగల్ని సాలీళ్లు పట్టుకుంటాయి కాబట్టి అవి అక్కడ పనివాళ్లే.

మొదటి గుక్కకు దవడలు లాగేశాయి. రెండో గుక్కకు గుర్తొచ్చింది, పొద్దు తిరిగాక తాగిన తాటికల్లు.

వింతేమీ కాదు. గెల గీసి లొట్టి కడితే కల్లు కూడా చెట్టు మీదనే, గాలిలోని ఈస్టుతోనే పులుస్తుంది. మత్తు రెండింటిలోనూ అటూ ఇటూగా అయిదు శాతమే. అక్కడ పాత పద్ధతి గూజ్ అన్న పేరుకు యూరోపియన్ యూనియన్ రక్షణ ఉంది. బెల్జియం బీరు సంస్కృతిని 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడ కల్లు పేరు చెప్పి ఎవరేం అమ్మినా చెల్లుతుంది.

క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రాజోలం. కల్తీ కల్లులో కలిపే ఈ మందుల పేర్లు పల్లెల్లో కూలికి పోయేవాళ్లకు కూడా తెలిసిపోయాయి. హైదరాబాదులో కల్లు కాంపౌండ్లు 2004లో మూయించారు, 2014లో తెరిపించారు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు ప్రాణాలు పోయాయి. నగరం చుట్టూ ఉన్న చెట్లెన్ని, రోజూ అమ్ముడయ్యే కల్లెంత? ఈ లెక్క కుదరదని తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. అయినా చెడ్డపేరు మాత్రం ఎప్పుడూ చెట్టెక్కినవాడిదే. మా ఊళ్లో రోజూ మోకు వేసి తాడెక్కే మనిషికి గుండెల మీద చెట్టు ఒరిసి ఒరిసి కాయ కాసింది. చెయ్యి పెట్టి చూశాను, చెప్పు అట్టలా ఉంది. ఆయన లొట్టిలో ఏ మందూ ఉండదు. 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు, మంచి పని. కానీ ఎక్కడానికి చెట్లేవి? పొలం ప్లాట్లయ్యిందంటే ముందు పడేది గట్టు మీది తాళ్లే. విత్తనం నుంచి గీతకు రావడానికి తాటికి పదిహేనేళ్లు కావాలి. జేసీబీకి ఒక్క పూట చాలు. అడిగే దిక్కు లేదు. రోడ్డు వెడల్పంటారు, వెంచరంటారు, ఊరి చెరువుగట్టు మొత్తం బోడి చేస్తారు.

కాంటియాన్ సీసా మీద నింపిన తేదీ ఉంటుంది. మన కల్లు దుకాణం ముందు ఒక నల్లపలక పెట్టించండి. చెట్టున్న ఊరు, గీసినవాడి పేరు, దింపిన పూట రోజూ రాయించండి. రాయలేనివాడి లైసెన్సు రద్దు చేయండి. ఎక్సైజు శాఖ తలచుకుంటే వచ్చే గీత కాలానికే చేయగల పని ఇది.