కోత తర్వాతి రాత్రి

"పెద్దాపరేషను అయినంక నొప్పి ఉండదా అమ్మా, ఓర్చుకోవాలె." భూపాలపల్లి వైపు పల్లె నుంచి కాన్పుకొచ్చిన ఒక చెల్లెలి మంచం పక్కన కూర్చున్న రాత్రి ఈ మాట నేను మూడుసార్లు విన్నాను. నడుముకిచ్చిన మత్తు రెండు మూడు గంటల్లో దిగిపోయింది. పక్కకు ఒత్తిగిల్లలేక, బిడ్డకు పాలివ్వలేక ఆమె ఏడ్చింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు కోతతోనే జరిగాయి. అక్కర్లేని కోతల గురించి మనం రాశాం, ఇంకా రాస్తాం. కోత తర్వాతి రాత్రి గురించి రాయకపోవడం మన తప్పే.

కడుపు గోడ కండరాల పొరల మధ్యనున్న నరాల దగ్గర మత్తుమందు ఎక్కిస్తే గాయం నొప్పి చాలా గంటలు తగ్గుతుంది. దీన్ని నర్వ్ బ్లాక్ అంటారు. గర్భాశయం ముడుచుకునే నొప్పి మాత్రం దీనితో పోదు. మందు కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు. మోతాదు మించితే గుండెకు ప్రమాదం కనుక నేర్చిన మత్తు డాక్టరు ఉండాలి. సూది ఎటు పోతోందో చూసేందుకు స్కానింగ్ మిషను ఉంటే మేలు.

ఆడపిండాల హత్యలు ఆగాలని పోరాడి తెచ్చుకున్న 1994 చట్టం కింద ఆ మిషను రిజిస్టరు కావాలి. అది పెద్ద తలనొప్పని డాక్టర్లంటారు. చట్టాన్ని సడలించమని నేననను, రిజిస్టరు చేయించమంటాను. చట్టం నిషేధించింది లింగనిర్ధారణను, నొప్పి తగ్గించడాన్ని కాదు.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అక్కడి ఆసుపత్రులకు వెళ్లి అడగండి: మత్తు దిగాక నొప్పికి ఏమిస్తున్నారు? రాత్రిపూట మత్తు డాక్టరు ఉంటున్నారా? జవాబులు వచ్చే సంచికకు రాసి పంపండి.