సీటు వచ్చింది, దారి చెప్పేదెవరు?

మన పల్లెల్లో పిల్లోడు లెక్కల్లో గట్టోడయితే రెండే మాటలు చెప్తాం. ఇంజనీరింగు చదువు, లేకుంటే టీచరు ఉద్యోగం చూసుకో. మూడో దారి ఒకటుందని మనకు చెప్పినవాళ్ళు లేరు, మనం పిల్లలకు చెప్పిందీ లేదు.

1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పెట్టినారు. సత్యవేడు నుంచీ, పలమనేరు నుంచీ మన పిల్లలు అక్కడికిపోయి ఎమ్మెస్సీ లెక్కలు చదువుతున్నారు. పోరాడి తెచ్చుకున్న రిజర్వేషన్ వాళ్ళకు సీటిచ్చింది. సలహాలో మాత్రం రిజర్వేషన్ లేదు. అది కొందరికి ఇంట్లోనే దొరుకుతుంది. మేనమామ లెక్చరరయితే ఏ పుస్తకం ముందు చదవాలో, ఏ పరీక్ష ఎప్పుడు రాయాలో అన్నం దగ్గరే తెలుస్తుంది. కూలికిపోయే అమ్మానాయనలు ఏం చెప్పగలరు?

డిగ్రీ దాకా లెక్కంటే జవాబు రాబట్టడం. ఎమ్మెస్సీలో రియల్ అనాలసిస్, ఆల్జీబ్రా మొదలవగానే 'రుజువు చెయ్యి' అంటారు. అదీ ఇంగ్లీషులో. తెలుగు మీడియం పిల్లోడు మొదటి సెమిస్టరులోనే తప్పి, నాకు బుర్ర లేదనుకుంటాడు. బుర్రకేమీ కాలేదు. చదువు తీరు మారిందని ముందుగా చెప్పే దిక్కు లేక తప్పినాడు.

తేదీల సంగతీ అంతే. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి డిగ్రీ చివరి ఏడాదిలో జామ్ పరీక్ష రాయాల. పరీక్ష ఫిబ్రవరిలో. దరఖాస్తు గడువు శెనక్కాయ చెట్లు పెరికే రోజుల్లోనే అయిపోతుంది. మన ఏర్పేడు దగ్గరే ఐఐటీ ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో జామ్ అంటే ఏందో ఎంతమందికి తెలుసు? లెక్కల పిల్లల కోసం 1993 నుంచి ఎమ్‌టీటీఎస్ అనే వేసవి శిక్షణ నడస్తా ఉంది. నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే, 2023లో పెంచిన లెక్క ప్రకారం నెలకు 37,000 రూపాయలు. మనవాళ్ళకు వయసులో అయిదేళ్ళ సడలింపు కూడా ఉంది. ఇవన్నీ హక్కులే. తెలియని హక్కు ఎవరి కడుపు నింపుతుంది?

2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీకి ఒకే మేజర్ పద్ధతి తెచ్చినారు. అంతకుముందు ఎంపీసీలో చేరితే మూడు సబ్జెక్టులూ సమానంగా చదివేవాళ్ళు. ఇంటరు దాటిన పిల్లోడు చేరేటప్పుడే బతుకుదారి ఎంచుకోవాలంటే, పక్కన కూచుని చెప్పేవాళ్ళు లేకుండా ఎట్ల?

సలహాదారు ఎంత పెద్ద సంగతో బాబాసాహెబ్ చదువే చెప్తుంది. కొలంబియాలో సెలిగ్మన్, లండన్‌లో కానన్ ఆయనకు గురువులు. రూపాయి సమస్యపై అంబేడ్కర్ 1923లో అచ్చేసిన పుస్తకంలో చాలా వాదనలు కానన్ ఒప్పుకోలేదు. అయినా ముందుమాట రాసినాడు. గురువు పని అది.

ఆ పని జరగనిచోట ఏమవుతుందో కూడా చూసినాం. సేలం జిల్లా దళిత విద్యార్థి సెంథిల్ కుమార్ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిజిక్స్ పరిశోధనకు చేరి 2008లో ప్రాణం తీసుకున్నాడు. ఆ శాఖ పద్ధతుల్లో స్పష్టత లేదనీ, ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకేననీ యూనివర్సిటీ వేసిన వినోద్ పావరాల కమిటీయే చెప్పింది. ఫిజిక్సయినా లెక్కలయినా గైడు లేని పరిశోధన కాపరి లేని మందే.

కాబట్టి మేము అడిగేది దయ కాదు. చేరిన రోజే ప్రతి విద్యార్థికీ ఒక అధ్యాపకుణ్ణి సలహాదారుగా రాతమూలకంగా ఇయ్యాల. మొదటి సెమిస్టరుకు ముందు రెండు వారాలు రుజువుల పాఠం తెలుగులో చెప్పాల. పరిశోధకులకు గైడును గడువులోగా కేటాయించాల. కాదంటే ఎందుకు కాదో కాగితం మీద రాసియ్యాల.

యూనివర్సిటీ కదిలేదాకా మనం ఊరుకోవద్దు. ప్రతి మండలంలో లెక్కల్లో ఎమ్మెస్సీ చేసిన మనవాళ్ళు ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్ళ పేర్లు సంఘం పుస్తకంలో రాయండి. ఆదివారం అంబేడ్కర్ భవనంలో పిల్లలతో కూచోబెట్టండి. పరీక్షల తేదీలు గోడ మీద పెద్దక్షరాల్లో రాయించండి. ఆ గోడ ఖర్చు ఒక డబ్బా రంగు!