మౌస్ మొరాయించిందా? కంప్యూటర్ మార్చేయకండి!

మౌస్ పనిచేయకపోతే మనవాళ్లు ముందు చేసే పని, దాన్ని టేబుల్ మీద రెండుసార్లు కొట్టడం. పాత రేడియోల దగ్గర నేర్చుకున్న విద్య అది. ఒక్కోసారి పనిచేస్తుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది. పనిచేసింది కదా అని అసలు జబ్బేంటో చూడటం మానేస్తాం.

నాది ఇంటినుంచే పని కాబట్టి పెద్దాపురంలోనే ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అంటే మా వీధి లెక్కలో ప్రింటర్ నుంచి ఇన్వర్టర్ దాకా అన్నీ బాగుచేసేవాడు. ఆమధ్య కిరాణా కొట్టు బాబాయ్ వచ్చి, ‘‘ఒరేయ్ అబ్బాయ్, నలభై వేలల్లో మంచి కంప్యూటరేదో చెప్పరా, కొనేస్తాను’’ అన్నారు. ఉన్నదానికేమైందని అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. వాళ్లమ్మాయికి ఎంసెట్ మాక్ టెస్టుల్లో మార్కులు పడిపోతున్నాయట. (పేరు ఈఏపీసెట్‌గా మారి చాలాకాలమైంది గానీ బాబాయ్‌కి ఎప్పటికీ ఎంసెటే.) ప్రతి టెస్టులోనూ పది పదిహేను ప్రశ్నలకి అసలు జవాబే పెట్టి ఉండట్లేదు. వాళ్లమ్మ ఫోన్ వల్లే అంటుంది. బాబాయ్ కంప్యూటర్ పాతదైపోయింది అంటారు. ఆ పిల్లయితే, ‘‘నాకే ధ్యాస ఉండట్లేదేమో అన్నయ్యా’’ అంది. రెండు నెలలుగా అలా అనుకుంటూనే చదువుతోందంటే నాకు చివుక్కుమంది.

పక్కన కూర్చుని ఓ టెస్టు రాయించాను. 23వ ప్రశ్నకి జవాబు పెట్టి ‘సేవ్ అండ్ నెక్స్ట్’ నొక్కింది. 24 తెర మీద ఇలా మెరిసి అలా మాయమై 25 వచ్చి కూర్చుంది. తను లెక్కల కాగితం మీదకి తల వంచి ఉండటంతో అది కనపడనే లేదు. వేలు ఒక్కసారే నొక్కింది, మౌస్ మాత్రం రెండుసార్లని చెప్పింది. అంతేనండీ రోగం.

ఎందుకలా అవుతుందంటే, మౌస్ బటన్ కింద చిన్న స్విచ్ ఒకటుంటుంది. దాని లోపల పల్చటి లోహపు రేకు. నొక్కినప్పుడల్లా అది కిందకి వంగి ఇంకో లోహాన్ని తాకుతుంది. తాకిన ప్రతిసారీ క్షణంలో వెయ్యో వంతుల్లో కాస్త ఎగిరెగిరి పడుతుంది. కొత్త మౌస్‌లోనూ పడుతుంది. ఆ గెంతుల్ని లెక్కలోకి తీసుకోవద్దని మౌస్‌లోని చిప్‌కి ముందే చెప్పి పెడతారు. ఏళ్ల తరబడి వాడాక రేకులో బిగువు తగ్గుతుంది, తాకే చోట చిలుము పడుతుంది. అప్పుడు గెంతు ఎక్కువసేపు సాగుతుంది. చిప్ దాన్ని రెండో నొక్కు అనుకుంటుంది. మన గోదావరి వైపు గాలిలో తడి సంగతి చెప్పక్కర్లేదు కదా, ఆషాఢంలో మరిడమ్మ జాతర నాటికి డబ్బాలో ఉప్పే నీరుగారిపోతుంది. ఇక ఆ రేకెంత!

మీ మౌస్‌కి ఇదే జబ్బేమో తేల్చుకోవడం తేలిక. నోట్‌ప్యాడ్‌లో నాలుగు లైన్లు టైప్ చేసి, ఎడమ బటన్ నొక్కి పట్టుకుని వాటిని నీలంగా సెలక్ట్ చేస్తూ వెళ్లండి. మీరు వేలు ఎత్తకుండానే మధ్యలో సెలక్షన్ వదిలేస్తోందా? స్విచ్ పోయినట్టే. లేదా ఒక ఫోల్డర్ మీద ఆగి ఆగి ఒక్కొక్కసారే నొక్కండి. దానంతటదే తెరుచుకుంటే అనుమానం లేదు. కొందరు సెట్టింగ్స్‌లోకి వెళ్లి డబుల్ క్లిక్ వేగం మారుస్తారు. ఫోల్డర్ తెరుచుకోవడం తగ్గుతుందేమో గానీ పరీక్షలో బటన్‌కి రెండు నొక్కులు వెళ్లడం ఆగదు.

బాబాయ్ వాళ్లింట్లో అప్పటికప్పుడు నేను చేసింది ఒకటే. విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో ప్రైమరీ బటన్‌ని ఎడమ నుంచి కుడికి మార్చాను. కుడి స్విచ్ మనం వాడేది తక్కువ కాబట్టి అది ఇంకా గట్టిగానే ఉంటుంది. అమ్మాయికి ఓ గంట చెయ్యి తిరగలేదు గానీ, ఆ సాయంత్రం రాసిన టెస్టులో జవాబులేని ప్రశ్న ఒక్కటీ లేదు. మర్నాడు మూడు నాలుగొందల్లో వైరున్న మౌస్ కొన్నారు. పాతదాన్ని కూడా పారేయనక్కర్లేదు. ఆ స్విచ్‌కి ఉండేవి మూడు కాళ్లే, టీవీలు బాగుచేసే మేస్త్రీ ఎవరైనా సోల్డరింగ్ పెట్టి కొత్తది వేసేస్తారు.

అసలు మౌస్ కదలనే కదలకపోతే? ముందు దాన్ని ఇంకో కంప్యూటర్‌కి తగిలించి చూడండి. అక్కడా పనిచేయకపోతే తప్పు మౌస్‌ది. పనిచేస్తే మీ కంప్యూటర్‌ది. ఈ ఒక్క పనితో సగం తలనొప్పి పోతుంది, మనవాళ్లు ఎందుకో ఇదే చివర్లో చేస్తారు. తర్వాత, సీపీయూ ముందు వైపు పోర్టుల్ని నమ్మకండి. లోపల చిన్న వైరుతో కలిపి ఉంటాయి, అది వదులవుతూ ఉంటుంది. వెనక వైపువి నేరుగా బోర్డు మీదే ఉంటాయి.

వైర్‌లెస్ అయితే ముందు బ్యాటరీ మార్చండి. ఆ తర్వాత దాని చిన్న రిసీవర్ ఎక్కడ పెట్టారో చూడండి. నీలంరంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో పెన్‌డ్రైవో హార్డ్ డిస్కో పనిచేస్తున్నప్పుడు దాన్నుంచి వచ్చే రేడియో రొద, మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది. బాణం గుర్తు కుంటుతూ నడుస్తుంది. రిసీవర్‌ని దూరంగా ఇంకో పోర్టులో పెడితే సరి.

బాణం ఉన్నట్టుండి ఎగిరి పడుతోందంటే కింద టేబుల్ సంగతి చూడాలి. మౌస్ కింద ఎర్రగా వెలిగేది దీపం. పక్కనున్నది ఓ బుల్లి కెమెరా. కింది ఉపరితలాన్ని క్షణానికి వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ఒకదాంతో ఇంకొకటి పోల్చుకుని ఎటు కదిలామో తేల్చుకుంటుంది. మన ఇళ్లలో టేబుల్ మీద అద్దం, దాని కింద పెళ్లి ఫొటోలు ఉంటాయి కదా. నున్నటి అద్దంలో పోల్చుకోవడానికి దానికేం దొరకదు. ఓ పాత నోట్‌బుక్ అట్ట వేయండి. 1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకి బిల్ ఇంగ్లిష్ తయారుచేసిన తొలి మౌస్‌కి ఈ బాధ లేదు. అది చెక్క డబ్బా, కింద రెండు చక్రాలు.

పని మధ్యలో మౌస్ పూర్తిగా చచ్చిపోతే ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కి ఎంటర్ కొట్టండి. నంబర్ ప్యాడ్‌లో 8, 2, 4, 6 అంకెలతో బాణం కదులుతుంది, 5 నొక్కితే క్లిక్ అవుతుంది. ఫైల్ సేవ్ చేసుకోవడానికి చాలు.

అయితే ఇది పరీక్ష హాల్లో కుదరదు. అక్కడ కీబోర్డు ముట్టుకోకూడదు. జేఈఈ మెయిన్‌లో అంకె జవాబు కూడా తెర మీది కీప్యాడ్‌ని మౌస్‌తో నొక్కే వేయాలి. ఈఏపీసెట్‌లో 180 నిమిషాలు, 160 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి నిమిషం పైన కాస్త. కాబట్టి కాకినాడలోనో సూరంపాలెంలోనో సెంటర్ పడిన పిల్లలు, కుర్చీలో కూర్చోగానే టైమ్ మొదలవకముందే మౌస్‌ని నాలుగు వైపులా తిప్పి చూడండి. మొదటి మూడు నాలుగు ప్రశ్నలకి సేవ్ చేశాక వరస నంబరు గమనించండి. ఒక్కటి దాటిపోయినా వెంటనే చెయ్యెత్తి మౌస్ మార్చమని అడగండి. ఏమనుకుంటారో అని మొహమాట పడొద్దు. దాటిపోయిన ప్రశ్న ఎక్కడికీ పోదు, కుడివైపు నంబర్ల పట్టీలో దాని మీద నొక్కితే మళ్లీ వస్తుంది.

బాబాయ్ ఆ నలభై వేలూ ఏం చేశారో అడగలేదు. కొట్టుకి కొత్త ఫ్రిజ్ అయితే వచ్చింది.